గుజ్జు ఫ్యాక్టరీ కాడ ఆగిన చుక్కలు

పాకాల నుంచి కాణిపాకం పక్కకు కొండల్లో ఒక పాత దోవ ఉండాది. కొత్త రోడ్డు పడినాక ఆ దోవన బస్సులు పోవు. దాని మధ్యలో మూతపడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటుకు తుప్పు పట్టిన గొలుసు, ఒక పక్క కూలిపోయిన గోడ. పొద్దు గూకినాక దాని ముందర ఎవురూ నిలబడరు.

ఎందుకంటే — కాయలు లేని కాలంలో కూడా ఆడ మాగిన తోతాపురి మామిడి వాసన కొడతాదంట. ఆడ కూలి పనికి వచ్చే ఆడమనిషి ఒకామె ఉడికే గుజ్జులో పడి సచ్చిపోయిందనీ, ఆ తర్వాతనే మూసేసినారనీ చెప్తారు. చూసినోళ్ళు ఎవురూ లేరు. భయపడినోళ్ళు మాత్రం చానా మంది.

నేను రాసేది నా కండ్లతో చూసింది కాదు. మా ఎదురింటి కోమలి చెప్పింది. ఇద్దరమూ వాకిట్లో కూర్చోని చింతపండులో గింజలు తీస్తా ఉంటే, గొంతు తగ్గించి చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తా ఉండాను.

కోమలి మొగుడు జయచంద్ర బోరు మోటార్ల మెకానిక్కు. ఎండాకాలం వస్తే ఆయనకు తిండి తినే తీరిక ఉండదు. కొండల్లో ఏ మూల చేను నుంచి పిలిచినా బండేసుకోని పోతాడు.

ఆ బండికి ఒక డబ్బా ఉండేది. దోవ చూపించే డబ్బా. చెన్నైలో పాత సామాన్ల అంగట్లో దొరికితే కొనుక్కొచ్చి, తనే వైర్లు లాగి హ్యాండిలుకు బిగించుకున్నాడు. బండి పోయిన దోవంతా దాని తెర మీద చుక్కలు చుక్కలుగా పడతాది.

"సెల్లులో అన్నీ ఉండంగా ఈ ముసలి డబ్బా ఎందుకప్పా?" అని ఊర్లో నవ్వేవాళ్ళు.

"కొండల్లో సిగ్నలు పోతే మీ సెల్లు గుడ్డిది. దీనికి ఆకాశం కనపడితే సాలు," అనేవాడు. రాత్రి ఇంటికొచ్చినాక కోమలికి ఆ చుక్కలు చూపించి, "ఇదో, ఈ పొద్దు ఇంత దూరం తిరిగినా మే," అని చెప్పేవాడు. పెండ్లాన్ని ఆయన ఎప్పుడూ 'మే' అనే పిలుస్తాడు.

డబ్బా లోపలి బ్యాటరీ ఎప్పుడో సచ్చిపోయింది. అందుకని బండి బ్యాటరీకే కలిపినాడు. తాళం తిప్పితే వెలుగుతాది, తాళం ఆపితే ఆరిపోతాది. ఒకసారి ఆరిపోతే మళ్ళా తాను యాడ ఉండాదో కనుక్కోవడానికి దానికి పావుగంట పడతాది. ఆ పావుగంట కాసుకునే ఓర్పు జయచంద్రకు లేదు. అందుకే ఒక అలవాటు చేసుకున్నాడు — చిన్న పని మీద దిగితే బండికి తాళం ఆపడు. అట్లే వదిలి పోతాడు.

ఒక సోమవారం సాయంత్రం మోటారు చూడాలని పోయినాడు.

రాలేదు.

మంగళవారం కోమలి తమ్ముడు మునికృష్ణ ఊరూరూ తిరిగినాడు. సాయంత్రానికి పాకాల రైల్వే స్టేషను బయట బండి కనిపించింది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. తాళం బండికే ఉండాది. మనిషి లేడు... ఆయన సెల్లుకు చేస్తే మోగలేదు.

ఊరు ఊరుకుంటాదా? "రైలెక్కేసినాడు," అన్నారు. "యాడో ఇంకో సంసారం పెట్టుంటాడు," అన్నారు. కంప్లైంటు ఇచ్చినారు, వెతకతామన్నారు. కోమలి మాత్రం ఒకే మాట.

"ఇల్లు వదిలి పోయేటోడు మిక్సీ ఇప్పదీసి చాపమీద పరిచి పోతాడా? రాత్రికొచ్చి బిగిస్తా అన్నాడు. ఇంకా అట్లే ఉండాది ఇంట్లో."

బుధవారం బండి తెచ్చుకోవాలని అక్కా తమ్ముడూ పాకాలకు పోయినారు. పెట్రోలు పోసినారు. బండి స్టార్టు అయింది. డబ్బా మాత్రం వెలగలేదు.

కోమలి అక్కడే నిలబడిపోయింది. "రే మునీ, ఆయన పోయిన దోవ దీంట్లోనే ఉండాది. దీన్ని వెలిగించకుండా నేను ఇంటికి రాను."

పాకాలలో బండ్లకు కరెంటు పని చేసే ధనంజయ అని ఒకాయన ఉండాడు. ఆయన హెడ్లైటు ఇప్పి చూసినాడు. హ్యాండిలు తిప్పినప్పుడల్లా నలిగి నలిగి, వైరు లోపల రాగి తెగిపోయి ఉండాది. ఒక్క పోగు మిగిలింది.

"వైరు పొట్టిగా లాగినాడమ్మా మీ ఆయన. దీని పిన్ను ఇప్పుడు యాడా దొరకదు. మెలేసి టేపు చుట్టినా. గుంతల్లో పడితే మళ్ళా ఊడొచ్చు."

డబ్బా వెలిగింది. తెర మీద చుక్కలు. కాణిపాకం పక్క వాళ్ళ ఊరి నుంచి వరసగా వచ్చి... ఒక చోట చీమల పుట్ట మాదిరి గుంపుగా పడినాయి. ఆ గుంపు నుంచి మళ్ళా వరసగా పాకాల దాకా.

ధనంజయ ఆ గుంపు మీద వేలు పెట్టినాడు. "బండి ఈడ చానా సేపు నిలబడింది. తాళం ఆపకుండానే."

"అది యాడన్నా?"

"ఏమో. ఇది పాత మ్యాపు. ఆ చోట రోడ్డూ లేదు, ఊరు పేరూ లేదు. వట్టి తెలుపు." తెర తుడిచి చెప్పినాడు. "ఇంకోటి ఇను తల్లీ. దీనికి జ్ఞాపకం తక్కువ. మీరు పోయేకొద్దీ కొత్త చుక్క ఒకటి పడతాది, పాత చుక్క ఒకటి చెరిగిపోతాది. మొదట చెరిగేది మీ ఊరి పక్కవి. ఆ తర్వాత ఈ గుంపు. దోవ తప్పి తిరగద్దండి. వాన నీళ్ళు దిగి బటన్లన్నీ పట్టేసినాయి, నేను ఏ గుర్తూ పెట్టలేను."

అప్పటికే దీపాలు పెట్టే పొద్దు. మునికృష్ణ నసిగినాడు. "పొద్దున పోదాం అక్కా..."

"రెండు రాత్రులు అయిపోయినాయి రా. మూడోది నేను ఓర్చుకోలేను."

బయలుదేరినారు. మునికృష్ణ నడపతా ఉంటే, కోమలి తమ్ముని భుజం మీద నుంచి తెరనే చూస్తా ఉండాది. పాకాల దాటినాక పాత దోవ పట్టినాయి చుక్కలు. దోవంతా గుంతలే.

ఒక గుంతలో బండి ఎగిరింది. డబ్బా ఆరిపోయింది.

చింతచెట్ల కింద, ఇద్దరూ చీకట్లో. మునికృష్ణ టేపు ఇప్పి వైరు మెలేసినాడు. డబ్బా వెలిగింది కానీ... చెట్ల కింద దానికి ఆకాశం లేదు. బండిని బయలు దాకా తోసుకోని పోయినారు. పావుగంట. తెరనే చూస్తా నిలబడినారు. అంత పొడుగు పావుగంట నా జన్మలో లేదు వదినా, అనింది కోమలి నాతో.

చుక్కలు వచ్చినాయి. ఊరి పక్క తోక సగం చెరిగిపోయి ఉండాది.

అప్పటి నుంచి కోమలి తమ్ముని చంక కింద చెయ్యి పోనిచ్చి, ఆ వైరును రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది. హ్యాండిలు తిరిగినప్పుడల్లా వేళ్ళు నలిగేవి. వదల్లేదు.

దోవ పక్కన ఒక టీ కొట్టు. వెంకటముని అనే ముసలాయన తడిక మూస్తా ఉండాడు. బండి వెలుగు చూసి చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఈ పొద్దప్పుడు యాడికి నాయనా?"

"ముందుకే తాతా..."

"వద్దు." ఆయన గొంతు తగ్గించినాడు. "ముందర గుజ్జు ఫ్యాక్టరీ ఉండాది. రెండు రాత్రులుగా దానికి నిద్ర లేదు. లోపల ఇనుము మీద కొడతా ఉండాది. ఎనుములు మేపి తోలుకొచ్చేవాళ్ళు ఇని, ఎనుముల్ని వదిలేసి పరిగెత్తుకోని వచ్చినారు. నిన్న మా ఊరోళ్ళు పోయి గేటు కాడ నిమ్మకాయలు కోసి, కుంకం అన్నం చల్లి వచ్చినారు. అప్పుడైతే ఏడిసింది కూడా... మొగ గొంతుతో ఏడిసింది."

మునికృష్ణ బండి ఆపేసేవాడే. కోమలి వాని వీపు మీద ఒక్కటి వేసింది. "పోనీ రా!"

చుక్కలు తక్కువైతా వచ్చినాయి. ఈ పక్క దోవ తగ్గతా ఉండాది... ఆ పక్క తోక తగ్గతా ఉండాది. మధ్యలో గుంపు ఒకటే మిగిలింది. దాని అంచులు కూడా ఒకటొకటిగా ఆరిపోతా ఉండాయి.

మలుపు తిరిగినారు. గుంపు మీదికి వచ్చి ఆగినారు.

ఎదురుగా తుప్పు పట్టిన గొలుసు... ఎండిన నిమ్మకాయ చెక్కలు.

మునికృష్ణ బండి ఆపినాడు. ఇంజను శబ్దం పోయినాక వినిపించింది —

ఠంగ్.

కాసేపటికి మళ్ళా... ఠంగ్.

గోడ ఆవల నుంచే. భూమి లోపల నుంచి వచ్చినట్టు.

"అక్కా, వద్దక్కా... నీకు బిడ్డ ఉండాది, లోహిత ఇంకా చిన్నది, నా మాట ఇను..."

కోమలికి పెళ్ళయి తొమ్మిదేండ్లు. ఈ తొమ్మిదేండ్లలో మొగుని పేరు నోట పలకలేదు. మా పక్క ఆడోళ్ళం ఎవురమూ పలకం. రేషను కార్డులో పేరడిగితే పక్కనోళ్ళ చేత చెప్పిస్తాం. కానీ ఆ పొద్దు ఆమెకు సిగ్గూ లేదు, ఆచారమూ లేదు. కూలిన గోడ మీదికెక్కి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"జయచంద్రా!... జయచంద్రా!"

ఠక్కున ఆగిపోయింది శబ్దం.

ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయింది. కీచురాళ్ళు కూడా లేవు. ఆమె మళ్ళా పిలిచింది. లోపల ఏమీ లేదు. మళ్ళా పిలిచింది. ఏమీ లేదు.

మునికృష్ణ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మనిషైతే పలకడా అక్కా? పేరు పెట్టి పిలిస్తే నోరు మూసుకునేది మనిషి కాదు... పోదాం రా, నీ కాళ్ళు పట్టుకుంటా."

వాడు లాగినాడు. ఆమె గోడ మీద నుంచి జారి కింద కూలబడింది. తమ్ముడు చెప్పింది సరే అనిపించింది ఆమెకు. మొగుడైతే పలికేవాడే. అంటే ఈడా లేడు... ఇంక యాడా లేడు. డబ్బాలో ఉండే చుక్కలు కూడా అయిపోయినాయి.

అప్పుడు ఏడుపు వచ్చింది. పెద్దగా కాదు. రాత్రి అన్నం పెట్టి వాకిట్లోకి చూసి పిలిచినట్టు, నీరసంగా, తనకు తానే అనుకున్నట్టు అనింది —

"ఓ లోహిత నాయనా... ఇనపడతా ఉండాదా... అన్నం పెట్టినా, రా..."

గోడ ఆవల ఏదో కదిలింది.

"...మే?"

అంత చిన్న గొంతు. అయినా ఆమెకు తెలుసు ఆ గొంతు.

ఎట్లా గోడ దూకిందో ఆమెకు గుర్తు లేదు. సెల్లు లైటు వెలుగులో మామిడి టెంకలు పోసే సిమెంటు గుంత. దాని మీద కప్పిన రేకు విరిగి లోపలికి వేలాడతా ఉండాది. అడుగున మోకాలు లోతు వాన నీళ్ళల్లో, ఇనప డ్రమ్ముకు ఆనుకోని జయచంద్ర. ఒక కాలు పక్కకు తిరిగిపోయి ఉండాది. చేతిలో రాయి.

మునికృష్ణ తాడూ మనుషులూ తెస్తానని టీ కొట్టు దిక్కుకు బండి ఉరికించినాడు. కోమలి ఒక్కతే గుంత అంచున బోర్లా పండుకోని, లైటు ఆయన మీద పెట్టి, మాట్లాడిస్తా ఉండాది. నిద్ర పోనిస్తే మళ్ళా లేస్తాడో లేడో అని భయం.

ఆయన తునకలు తునకలుగా చెప్పినాడు. వాన మొదలైందంట. డబ్బాకు కప్పే ప్లాస్టిక్ కవరు ఇంట్లో మరిచిపోయినాడంట. గోడ లోపల ఒక కవరు కనిపిస్తే, రెండు అడుగులే కదా అని, తాళం ఆపకుండా దిగినాడు. రేకు మీద కాలు పెట్టినాడు. పడేటప్పుడు సెల్లు నీళ్ళల్లో పోయిందంట. తర్వాత చానా సేపటికి పైన ఎవురో బండి స్టార్టు చేసి తీసుకోని పోతా ఉంటే ఇన్నాడు. అరిచినాడు. జనం వచ్చినప్పుడూ అరిచినాడు. అందరూ పరిగెత్తేవాళ్ళే.

"మరి నేను పిలిస్తే ఎందుకు పలకలేదు? గొంతు చీలిపోయేటట్టు పిలిచినా కదా!"

"పేరు పెట్టి పిలిస్తే నువ్వని ఎట్లా అనుకునేది మే? నా పేరు నీ నోట ఎప్పుడన్నా ఇన్నానా?"

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. చెయ్యి గుంతలోకి చాపింది. అందలేదు.

ఆయన కండ్లు మూసుకోని అన్నాడు. "నువ్వేనని తెలిసుంటే మొదటి రాత్రే పలికేవాణ్ణి."

"మొదటి రాత్రా?"

"ఊఁ. మొన్న రాత్రి పిలిచినావే, ఈడే, ఈ అంచున నిలబడి. జయచంద్రా, జయచంద్రా అని... తెల్లారిందాకా. నిన్న కూడా. భయపడి నోరు మూసుకోని పడుకున్నా. నువ్వేనా మే?"

తన వెనక్కి తిరిగి చూడాలనిపించింది కోమలికి. చూడలేదు. గుంతలోకే చూస్తా —

"ఊఁ... నేనే," అనింది.

ఆమె ఆడికి పోయింది ఆ ఒక్క రాత్రే.