గురవమ్మ పలక

పొద్దుగుంకినాక కలరా పాకల దారిన పోయే మనిషి మార్కాపురంలో లేడు. దొరల ఏలుబడి నాటి మాట ఇది. తర్లుపాడు వైపు నుంచి మిషను ఆసుపత్రికి రావాలంటే ఆ అడ్డదారిన పావుగంట నడక. రోడ్డు చుట్టి వస్తే గంట. రాత్రిపూట అందరూ గంటే నడిచేవాళ్ళు.

శివరాత్రికి శ్రీశైలం కొండ దిగే జనంతోపాటు కలరా కూడా దిగేది. ఆ రోగుల్ని ఊళ్ళో ఉంచుకోలేక ఊరి బయట ఆ పాకలు వేశారు. నడిచి వచ్చినవాళ్ళు ఎక్కువ, నడిచి పోయినవాళ్ళు తక్కువ. తర్వాత కప్పులు కూలి మొండిగోడలు మిగిలాయి. ఆ మొండిగోడల్లో, కడపటి పాకలో నుంచి... రాత్రిళ్ళు ఒక ముసలిగొంతు అడుగుతుందని చెప్పుకునేవాళ్ళు.

"పంతులొచ్చినాడా?"

అంతే. ఇంకో మాట లేదు. లింగయ్య అనే బండివాడు, పగటిపూట ధైర్యానికి పెట్టింది పేరు, ఒకసారి "రాలేదవ్వా" అని బదులు చెప్పి పది రోజులు చలిజ్వరంతో మూలిగాడు. ఆ తర్వాత ఆయన ఎద్దులు కూడా ఆ దారి మొహం చూడలేదు.

ఏ పంతులు, ఎందుకు రావాలి — ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. ఆయన మూడేళ్ళుగా పగలు కూడా అటువైపు పోలేదు.

ఆయన పేరు ఇశ్రాయేలు. ఆసుపత్రిలో ప్రార్థన పంతులు. మందులివ్వడు, కట్లు కట్టడు. మంచం పక్కన కూచుంటాడు — అదే ఆయన ఉద్యోగం. అడిగినవాళ్ళకు ప్రార్థన చేస్తాడు. అడగనివాళ్ళతో, నీ దేవుణ్ణి నువ్వు తలుచుకో, నేను నీ పక్కనే ఉంటా అంటాడు. పోయేవాళ్ళ చెయ్యి పట్టుకుంటాడు. వాళ్ళు చివరికి అన్న మాటను బలపంతో పలక మీద రాసుకుని, ఎంత దూరమైనా నడిచి పోయి, ఇంటివాళ్ళకు చదివి వినిపిస్తాడు. మార్కాపురంలో పలకలకు కరువా!

అయితే చావు మనం చెప్పినట్టు వినదు. చాలామంది ఏమీ అనకుండానే పోతారు. మొదట్లో ఇశ్రాయేలు ఉన్నదున్నట్టే చెప్పేవాడు. అప్పుడు ఆ తల్లులు తన మొహంలోకి చూసే చూపును ఆయన తట్టుకోలేకపోయాడు.

ఓబులేసు దగ్గర తప్పు జరిగింది. పలకల గనిలో రాయి మీద పడి వచ్చిన మనిషి. ఇశ్రాయేలు రెండు రాత్రులు కదలకుండా పక్కనే కూచున్నాడు. మూడోనాడు తెల్లారి ఆకలికి ఆగలేక ఇంటికి పోయి నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఓబులేసు మొహం మీద దుప్పటి కప్పి ఉంది. ఆ పావుగంటా అతని పక్కన ఎవరూ లేరు.

ఓబులేసు తల్లి గురవమ్మది హనుమంతునిపాడు వైపు ఒక మెట్టపల్లె. అప్పటికే బయల్దేరి దారిలో ఉన్న మనిషి, మంచం దగ్గరికి వచ్చి పడింది. నా కొడుకు ఏమన్నాడయ్యా అని అడిగింది. ఇశ్రాయేలు ఖాళీ పలకను చేతుల్లోకి తీసుకుని, దాని మీద చూపు నిలిపి చదివాడు.

"అమ్మ అన్నం తిన్నాదా... నా కోసం ఏడవొద్దని చెప్పు."

తన నోట్లో అన్నం రుచి ఇంకా పోలేదు, అందుకే ఆ మాట వచ్చిందేమో. గురవమ్మకు చదువు రాదు, చూపూ సరిగా ఆనదు. ఆ పలక తనకిమ్మని బతిమాలింది. అది తన కొడుకు కోసిన రాయేనేమో అంది. చట్రం ఒక మూల విరిగిన ఆ పలకను, అక్షరాలు చెరిగిపోకుండా, పసిబిడ్డను మోసినట్టు మోసుకుపోయింది.

ఆ మాట బాగా పనిచేసింది. అంత బాగా పనిచేసిన మాటను ఎవరు వదులుకుంటారు? అప్పట్నుంచి నోరు విప్పకుండా పోయిన ప్రతివాళ్ళూ ఇశ్రాయేలు పలక మీద అదే అడిగారు, ఇంట్లోవాళ్ళు అన్నం తిన్నారా అని.

ఏడాది తిరగలేదు. గురవమ్మ కలరా పాకల్లో ఉందని నర్సు హన్నా వచ్చి చెప్పింది. వాళ్ళ ఊరి బడిపంతులు చూసి, పలక మీద ఏమీ లేదన్నాడట. చెరిగిపోయిందనుకుని, మళ్ళీ రాయించుకుందామని నడిచి వస్తూ జబ్బు పడిందట. పలక చేతిలోంచి వదలడం లేదట. పంతులొచ్చినాడా అని గడియకోసారి అడుగుతోందట.

ఆమె అనుమానపడలేదు. అనుమానపడి తిట్టడానికి వచ్చి ఉంటే ఇశ్రాయేలు పోయేవాడే. మళ్ళీ రాయించుకోవడానికి వచ్చిందంటే ఆయనకు కాళ్ళు రాలేదు. వస్తున్నానని చెప్పి పంపి, ఆ రాత్రంతా ఇంట్లోనే కూచున్నాడు. తెల్లారేసరికి పోవలసిన పని లేకపోయింది. పలకను ఆమెతోపాటే పూడ్చిపెట్టారు.

పాకల్లో గొంతు మొదలైంది ఆ తర్వాతే.

ఇశ్రాయేలుకు భార్య లేదు. ఉన్నది ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళ దయామణి. మూడేళ్ళ తర్వాత వానాకాలంలో ఆ పిల్లకు విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడుకుంది. పద్దెనిమిదోనాడు జ్వరం దిగింది. గండం గడిచిందని డాక్టరు దొరసాని అన్నది. ఆ రోజే తర్లుపాడు అవతల ఒక ఇంట్లో, ఆసుపత్రిలో పోయిన మనిషికి చిన్నదినం. నీ మాట చిన్నదినం లోపల నీ భార్యకు చేరుస్తానని, పోయినాయనకు ఇశ్రాయేలు మాటిచ్చి ఉన్నాడు. ఈసారి పలక మీద నిజంగానే అక్షరాలున్నాయి.

"చీకటి పడేలోపు వస్తావా నాయనా?" అని అడిగింది దయామణి.

"వస్తా తల్లీ."

పోయాడు, చదివాడు. తిరిగి వస్తుంటే వాగు అడ్డం పడింది. పైన కొండల్లో ఎక్కడో కురిసిన వాన. గట్టు మీద కూచుని నీళ్ళు తగ్గేదాకా కాచుకునేసరికి చీకటి పడటం కాదు, రాత్రి సగమైంది. నడుం లోతు నీళ్ళలో దాటి, పడుతూ లేస్తూ దారి చీలిన చోటికి వచ్చాడు. కుడివైపు రోడ్డు. ఎడమవైపు పాకలు.

పిల్ల నిద్రపోకుండా గుమ్మం వైపే చూస్తూ ఉంటుందనుకున్నాడు. ఎడమకు తిరిగాడు.

మబ్బు చాటు వెన్నెల. కాళ్ళ కింద పలకరాయి పెళ్ళలు కరకరమంటున్నాయి. ఒక పాక దాటాడు... రెండోది... మూడోది. నోట్లో కీర్తన సగంలో ఆగిపోయింది. అన్ని చావులు దగ్గరుండి చూసినవాడికి దెయ్యాలంటే భయమేంది అని మీరనొచ్చు. ఆయన భయపడింది దెయ్యాలకు కాదు, ఒక తల్లికి.

కడపటి పాక...

గుమ్మంలో ఎవరో కూచుని ఉన్నారు. ఒళ్ళో ఏదో పెట్టుకుని.

"పంతులయ్యా... ఇప్పుడొచ్చినావా?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇశ్రాయేలు అక్కడే కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారే చెప్పేశాడు — పలక మీద ఏమీ రాయలేదని, ఆ పొద్దున తాను అన్నానికి పోయానని, నీ కొడుకు ఒంటరిగా పోయాడని, నువ్వు పిలిస్తే రావడానికి మొహం చెల్లలేదని. ఆమె చివరిదాకా విన్నది.

"పక్కన ఎవురూ లేకుంటే ఎట్లుంటాదో... ఈడ పండుకున్న రాత్రి నాకూ తెలిసొచ్చె. అందుకే, బిడ్డ కాడ నేను కూచుంటి."

ఏ బిడ్డ అని ఆయన అడగబోయాడు. ఆమె ఒళ్ళో పలకను పైకెత్తి, చదువు వచ్చినవాళ్ళ మాదిరే కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. గుసగుసగా చదివింది...

"నాయన అన్నం తిన్నాడా... నా కోసం ఏడవొద్దని చెప్పు."

పలక చాపింది. ఇశ్రాయేలు అందుకున్నాడు. చల్లగా, తడిమన్నుతో ఉంది. చట్రం ఒక మూల విరిగి ఉంది. అప్పుడే మబ్బు తొలిగి వెన్నెల పడింది. పలక మీద ఒక్క అక్షరం లేదు.

తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు.

ఆసుపత్రి గేటు దగ్గర హన్నా లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నిలబడ్డ తీరులోనే ఆయనకు అర్థమైంది. దీపాలు పెట్టే వేళకు పిల్లకు ఉన్నట్టుండి కడుపునొప్పి లేచిందట. దొరసాని చెయ్యగలిగిందంతా చేసిందట. రాత్రి మొదటి జాము దాటినాక పోయిందట.

ఇన్నేళ్ళు అందరూ తనను అడిగిన ప్రశ్న ఇశ్రాయేలు మొదటిసారి తాను అడిగాడు.

"నా బిడ్డ ఏమన్నాది హన్నా?"

హన్నా తల వంచుకుంది. "నాకు తెల్దన్నా. అవతల వార్డులో కాన్పు కష్టమైతే ఆడ ఉంటిని. నేనొచ్చేసరికే..." కళ్ళు తుడుచుకుని అన్నది, "ఒంటిగా మాత్రం లేదన్నా. మీ ముసలామె ఎవురో చెయ్యి పట్టుకోని కూచోనుందంట. పక్క మంచం ఎల్లమ్మ చూసినాదంట."

ఇశ్రాయేలుకు ముసలామె అని చెప్పుకునే మనిషి ఈ లోకంలో లేదు.

ఎల్లమ్మను లేపి అడిగాడు. దీపం చాలక మొహం చూడలేదంది ఆమె. ఒళ్ళో పలకుందంది. మీ నాయనకు ఏం చెప్పమంటావమ్మా అని ముసలామె అడగడం మాత్రం విన్నానంది. పిల్ల పెదాలు కదిలాయట. ముసలామె వంగి, నోటి దగ్గర చెవి పెట్టిందట. ఏమన్నదో తనకు వినపడలేదంది.

ఇశ్రాయేలు ఆ పలకను గుండెకు పెట్టుకుని, కూతురి మంచం పక్కన కూచున్నాడు. తెల్లారేదాకా చల్లబడిన ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత పాకల్లో గొంతు ఎవరికీ వినపడలేదు. ఇశ్రాయేలు ఉద్యోగం మానలేదు కానీ, ఖాళీ పలక మళ్ళీ చదవలేదు. ఏమీ అనకుండా పోయినవాళ్ళ ఇంటికి పోయి, ఏమీ అనలేదమ్మా, నేను పక్కనే ఉన్నాను అని చెప్పేవాడు. చెప్పి, వాళ్ళు ఏడ్చినంతసేపూ కూచునేవాడు.

దయామణి నిజంగానే ఆ మాట అన్నదా, లేక ఇశ్రాయేలు అబద్ధాన్ని గురవమ్మ ఆయనకే తిరిగి ఇచ్చిందా? చదువు వచ్చినవాడై ఉండి కూడా ఆ పలక చూసి ఆయన తేల్చుకోలేకపోయాడు. ముసలివాడై చచ్చేదాకా ఒంటరిగానే వండుకున్నాడు. గూట్లో ఉన్న ఆ పలకను రోజూ ఎదురుగా పెట్టుకుని, మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని, మెల్లగా అనేవాడట...

"తింటున్నా తల్లీ."