ఎదురింటి కిటికీలో లుంగీ

పైన టై, కింద లుంగీ, చేతిలో ఆకుపచ్చ బిన్ను. ఎదురింటి కిటికీలో అతికించిన నల్లటి అచ్చుబొమ్మలో ఉన్నది తనేనని పోల్చుకోవడానికి నవదీప్‌కి అర నిమిషం కూడా పట్టలేదు.

ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న లాక్‌డౌన్ రోజులవి. ఐర్లండ్‌లోని నేస్ అనే ఊళ్ళో ఆ వీధికి ప్రతి గురువారం వర్షిణి కిటికీయే సినిమా. డబ్లిన్‌లో ఎంఏ చదివే ఆ పిల్ల ఇంట్లోనే రబ్బరులాంటి లినోలియం ముక్క చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, గరిటెతో రుద్ది అచ్చు తీస్తుంది. పోయిన వారం పక్కింటి చాముండేశ్వరి ఆంటీని టాయిలెట్ పేపరు చుట్టల సింహాసనం మీద కూర్చోబెట్టింది. ఆంటీ మురిసిపోయి ఫ్రేము కట్టిస్తానంది.

నవదీప్ మాత్రం మురిసిపోలేదు. జోరువానలో వెళ్ళి తలుపు తట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

"ఏవండీ, మా మేనేజర్ ఈ వీధిలోనే వాకింగ్‌కొస్తాడు, తెలుసా?"

"పొద్దున్నే చూశాడండీ. గ్రాండ్ అన్నాడు," అంది వర్షిణి. ముక్కు మీద సిరాచుక్క, కళ్ళనిండా నవ్వు.

అతని కోపం అక్కడే సగం చచ్చింది. మిగిలిన సగంతో అనేశాడు. "అందరి మీదా నవ్వుతారు. మీ బొమ్మ మీరు ఒక్కసారైనా వేసుకున్నారా?"

ఆమె నవ్వు ఆరిపోయింది. సాయంత్రానికి బొమ్మ తీసేసింది. తర్వాత మూడు గురువారాలూ కిటికీ ఖాళీయే.

వీధి చిన్నబోయింది. మీటింగుల్లో నవదీప్‌కి ఒక్క మాటా చెవికెక్కేది కాదు. ఆ సిరాచుక్కే కళ్ళముందు తేలుతుండేది. తను ఎదురుచూస్తున్నది బొమ్మ కోసం కాదని అప్పుడు తెలిసింది.

ఆన్‌లైన్‌లో లినోలియం ముక్క తెప్పించాడు. రెండు వేళ్ళు కోసుకున్నాడు. నాలుగో గురువారం తన కిటికీలోనే ఓ బొమ్మ అతికించాడు. టై, లుంగీ, చేతికి వాచీ, ఖాళీ కిటికీకేసి నోరు తెరిచి చూస్తున్న ఓ మొద్దబ్బాయి.

సన్నటి జల్లులో గొడుగైనా లేకుండా వచ్చి, గేటు దగ్గర ఆగింది వర్షిణి.

"వాచీ కుడిచేతికొచ్చిందండీ. అచ్చులో అన్నీ తారుమారవుతాయి. తిరగేసి చెక్కాలి."

"మూడు వారాలుగా నాకన్నీ తారుమారేనండీ. ఆ రోజు అన్నదానికి సారీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "చెక్కడం మాత్రం ఘోరం," అని వానలోకి పరిగెత్తింది.

వారమంతా అతనికి నిద్ర లేదు.

ఐదో గురువారం ఎదురింటి కిటికీలో కొత్త బొమ్మ వెలసింది. రెండు మీటర్ల టేపు. ఒక కొస లుంగీ అబ్బాయి చేతిలో ఉంది. రెండో కొస పట్టుకున్న అమ్మాయి, ఎవరూ చూడకుండా టేపును తనవైపు చుట్టేసుకుంటోంది. ఆమె ముక్కు మీద సిరాచుక్క ఉంది.

పక్క గేటు నుంచి చాముండేశ్వరి ఆంటీ కేకేసింది. "ఆ పిల్ల అక్కడ టేపు చుట్టేస్తుంటే చూస్తూ నిలబడతావేంటయ్యా? మాస్కు పెట్టుకుని వెళ్ళు!"

లోపల ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మోగుతూనే ఉంది. నవదీప్ లుంగీతోనే వీధి దాటాడు.