సందులో నడిచిన తొమ్మిది పడవలు

రేవు చివర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది చూశారూ, దాని పక్కనుంచి వెళ్తే కాకి కూడా నోరు మూసుకుంటుంది. ఎప్పుడో మునిగిపోయిన పడవొకటి రాత్రుళ్లు అందులోకి వచ్చి పడుకుంటుందట. ఈ మాట నేనే ఓ నలభై వేలమందికి చెప్పి ఉంటాను.

మా అల్లుడు రేవు ఆఫీసులో పడవలకి కాపలా — అంటే కుర్చీలో కూర్చునే. ప్రతి పడవకీ ఓ డబ్బా బిగించి ఉంటుంది. అదెక్కడుంటే కంప్యూటరు తెరమీద అక్కడ చుక్క. చుక్క నొక్కితే పడవ పొడవు, రంగు, ఇంజను బలం, అన్నీ వస్తాయి.

ఆ రాత్రి తొమ్మిది చుక్కలు... నీళ్లు దాటి ఒడ్డెక్కాయి.

ఒక్కోటీ నలభై ఆరు అడుగుల పడవ. రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిన సందులో, ఒకదానిమీద ఒకటెక్కి, గంటకి రెండు మైళ్ల చొప్పున నడిచాయి. మా అల్లుడింటి గుమ్మం ముందే పది నిమిషాలు ఆగాయి. మళ్లీ కదిలి... ఐసు ఫ్యాక్టరీలోకి.

ఆఫీసరుకి ఫోన్ చేస్తే, తెర అబద్ధం చెప్పదన్నాడట. వెళ్లి పడవలు కొలిచి రమ్మన్నాడు, లేదంటే రేపట్నుంచి ఉద్యోగానికి రావొద్దన్నాడు. పాపం, మనిషి టేపు పట్టుకుని బయల్దేరాడు.

లోపల చీకటి. మోకాలెత్తులో పచ్చటి కళ్లు... ఆరుతూ, వెలుగుతూ. వాటి వెనక తెల్లటి జుట్టు.

"టేపెందుకు నాయనా?" అన్నాను మెల్లిగా.

కిందపడి లేచేసరికి మనిషికి పదేళ్లు మీదపడ్డాయి. అప్పుడు చెప్పాను. చేపలు గుడ్లు పెట్టేచోట వేట కూడదు కదా, అక్కడికి దొంగచాటుగా వెళ్లే పడవలవాళ్లు ఈ పచ్చదీపాల డబ్బాలు విప్పి, బుట్టలో వేసి నాకిచ్చి వెళ్తారు. వాటిని ఆపేస్తే ఆఫీసులో గంట మోగుతుంది. ఎవరూ రాకుండా ఈ చోటికి చెడ్డపేరు తెచ్చిందీ నేనే. దారిలో ఆగింది మనవరాలు నిద్రపోయిందో లేదో చూడ్డానికి.

"నా ఉద్యోగం, అత్తయ్యా..." అంటూనే, రిపోర్టులో రాయాలి కదా, ఒక్కో దీపం లెక్కపెట్టాడు. ఆగిపోయాడు.

"ఎన్ని తెచ్చారు?"

"తొమ్మిది."

"పది ఉన్నాయి..."

పదోది బుట్ట బయట ఉంది. దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి.

బుట్ట నెత్తిన పెట్టుకుని నేను, నా కొంగు పట్టుకుని అతను, ఒకటే పరుగు — నా మోకాళ్ల నొప్పులు ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాయి.

పొద్దున ఆఫీసరు తెర చూసి మురిసిపోయాడట. గంటకి ఇరవై మైళ్ల వేగం! ఇంజన్లు కాగితంలో ఉన్నట్టే భేషుగ్గా ఉన్నాయని ముద్రేసి, మా అల్లుడి భుజం తట్టాడట.

అల్లుడు ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించాడు.

"తెరమీద పదో చుక్క కూడా మన వెనకే వచ్చింది, అత్తయ్యా... ఈ గుమ్మందాకా. ఇంకా కదల్లేదు."