గాలికి ఒరిగిన నాలుగు వరుసలు

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వచ్చిన పెద్దకోడలు, నోట్లో నురగతో అలాగే నిలబడిపోయింది. ఆమె వేసిన స్వీట్‌కార్న్ నాలుగు వరుసలూ నేలకు ఒరిగి ఉన్నాయి. రాత్రంతా గాలి వీచిన మాట నిజమే. కానీ ఈ నెలలో ఇది మూడో గాలివాన. మొదటి రెండింటికీ ఒక్క మొక్క కూడా వాలలేదు.

గాలి వచ్చే వైపు అడ్డంగా తను నిలబెట్టుకున్న రేకు కనిపించలేదు. దాన్ని ఆనించిన రెండు గుంజలు ఉత్తగా నిలబడి ఉన్నాయి. రేకు కోసం ఎక్కువసేపు వెతకనక్కర్లేకపోయింది. పక్క వాటా వంటింటి కప్పు మీద, నాలుగు ఇటుకల బరువు కింద దర్జాగా పడుకుని ఉంది.

ఆ వాటాలో ఉండేది ఆమె తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటికి మధ్యలో గోడ కట్టి పంచుకున్నారు. పెరడు మాత్రం ఉమ్మడి. పెద్దకోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చిన్నకోడలు మందుల షాపులో పనిచేస్తుంది. అత్తగారు పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

"ఏమండీ! మీ మరదలు చేసిన పని చూశారా?"

బస్సు డ్రైవరైన భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. "రేకే కదా. సాయంత్రం ఇంకోటి తెస్తాలే."

"రేకు సంగతి కాదు! ఇప్పుడిప్పుడే పీచు బయటికొస్తోంది. ఈ వారంలో పైన ఉన్న పూత పొడి ఆ పీచు మీద రాలకపోతే పొత్తులో గింజే పట్టదు. మీకు తినడమొక్కటే తెలుసు."

"నాకు డ్యూటీకి టైమైంది," అంటూ ఆయన రెండో బూటుకు లేసు కట్టకుండానే జారుకున్నాడు.

ఆమె ముఖం కూడా కడుక్కోకుండా వెళ్ళి పక్క వాటా తలుపు దబదబా బాదింది. మరిది తలుపు తీసి, "రా వదినా" అనబోయి, ఆమె కళ్ళు చూసి కాఫీ కప్పుతో సహా లోపలి గదిలోకి మాయమయ్యాడు. చిన్నకోడలు జడ అల్లుకుంటూ వచ్చింది.

"నన్నడక్కుండా నా రేకు ఎలా తీశావ్?"

"వంటిల్లు కురుస్తోంది. పొయ్యి మీద నీళ్ళు కారుతుంటే నీ మొక్కలకి గొడుగు పట్టుకుని నిలబడమంటావా?"

"ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా?"

"అడగనిస్తావా నువ్వు? ఎనిమిది నెలల్నుంచి నేనెదురైతే గోడని చూసినట్టు చూస్తావ్!"

"చూడనా మరి?" పెద్దకోడలు గుమ్మంలోకి ఒక అడుగు వేసింది. "అత్తయ్య ప్రాణం పోతుంటే గోడకి ఇవతలే ఉన్నాను. మిషను తొక్కుకుంటూ కూర్చున్నాను. ఒక్క కేక వేశావా? అంతా అయిపోయాక వచ్చి చెప్పావ్, పరాయివాళ్ళకి కబురు చెప్పినట్టు. పైగా అందరి ముందూ 'నా చెయ్యి పట్టుకునే పోయింది' అని చెప్పుకున్నావ్!"

చిన్నకోడలి ముఖం పాలిపోయింది. మరుక్షణమే ఎర్రబడింది. "మూడు నెలలు ఆవిడ మంచంలో ఉంటే నువ్వెన్నిసార్లు వచ్చావ్? ఆదివారం ఆదివారం పళ్ళ సంచీ పట్టుకుని! ఆవిణ్ణి పక్కకి తిప్పింది నేను. దుప్పట్లు ఉతికింది నేను. చివర్లో ఏడుపులో మాత్రం నీకు వాటా కావాలి!"

తలుపు ధడాలున మూసుకుంది.

మధ్యాహ్నానికి మళ్ళీ గాలివాన వస్తుందని రేడియోలో చెప్పారు. పెద్దకోడలు చిన్న పార తీసుకుని బురదలో కూలబడింది. ఒరిగిన మొక్కను మెల్లగా లేపి, మొదట్లోకి మట్టి ఎగదోసి, మడమతో తొక్కాలి. వేళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి కాబట్టి ఈరోజే లేపాలి, రేపటికి లేవవు. తోడికోడల్ని తిడుతూనే ఒక్కొక్కటీ లేపుతోంది. చంకలో ఇరికించుకుని ఒంటిచేత్తో మట్టి తోస్తుంటే, ఐదో మొక్క ఫటుక్కున విరిగింది. పీచు వేసిన లేత పొత్తు ఆమె ఒళ్ళో పడింది. దాన్ని విసిరికొట్టింది.

ఆరో మొక్కను ఎవరో పట్టుకుని నిలబెట్టారు. తలెత్తితే చిన్నకోడలు. షాపు కోటు వేసుకునే ఉంది.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ రమ్మనలేదు. మట్టి వెయ్యి."

రెండు వరుసలు అలాగే లేపారు. వరుస పొడవునా కర్రలు పాతి, టైలరింగు గుడ్డ పేలికలతో వాటికి కట్టారు. "సరిగ్గా పట్టుకో, నడుం విరుగుతుంది," అని పెద్దకోడలు కసిరింది.

"నాదా, మొక్కదా?"

"మొక్కదే. నీది విరిగితే నాకేం?"

మూడో వరుస మధ్యలో చిన్నకోడలు ఆగింది. మొక్కను రెండు చేతులతో పట్టుకుని నేలకేసి చూస్తూ అంది. "అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పోలేదక్కా."

పెద్దకోడలు పార పక్కన పెట్టింది.

"నేను నిద్రపోయాను. మధ్యాహ్నం మందు వేసి కుర్చీలో కూర్చున్నాను. మూడింటికి మళ్ళీ వెయ్యాలి. కళ్ళు తెరిచేసరికి నాలుగున్నర. అప్పటికే చేతులు చల్లబడిపోయాయి. నాకే తెలియంది నిన్నెలా పిలవను? 'పక్కనే ఉన్నావా' అని అందరూ అడుగుతుంటే నిద్రపోయానని చెప్పడానికి నోరు రాలేదు. మంచినీళ్ళు అడిగిందేమో. నన్ను పిలిచిందేమో."

"ఎనిమిది నెలలు!" పెద్దకోడలు అరిచేసింది. "ఎనిమిది నెలలు నన్నెందుకే ఇలా ఉడికించావ్? ఈ ముక్క అప్పుడే చెప్పి ఏడిస్తే నేను కొట్టేదాన్నా?" తర్వాత గొంతు తగ్గించి, "అంతకు ముందు ఎన్నిరోజులైంది నువ్వు పడుకుని?" అనడిగింది.

"నాలుగు రోజులేమో. షాపూ, మంచమూ... గుర్తులేదు."

"గోడకి ఇవతలే ఉన్నాను కదే. ఒక్కసారి తట్టచ్చుగా?"

"నువ్వూ తట్టచ్చుగా అక్కా."

పెద్దకోడలు మొక్క మొదట్లో మట్టి అదిమింది. ఆ మూడు నెలలూ గోడ అవతలి దగ్గు ఆమెకు వినిపిస్తూనే ఉండేది. మంచం కిర్రుమనడం, వేళకాని వేళ కుళాయి తిప్పిన చప్పుడు, అన్నీ వినిపించేవి. అవి చెవిన పడకుండా మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది. ఇంతకాలం తోడికోడలి మీదే అనుకున్న కోపంలో సగం ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతినిండా బురద. భుజానికి ముఖం రుద్దుకుంది.

"నువ్వు పిలిస్తే వద్దామని కూర్చున్నానే," అంది. "చుట్టపుచూపుకి వచ్చేదానిలా."

పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. నాలుగో వరుస హడావిడిగా లేపి, సగానికే గుడ్డలు కట్టి, ఇద్దరూ పెద్దకోడలి వాటాలోకి పరుగెత్తారు. పెద్దకోడలు తువ్వాలు తెచ్చి తోడికోడలి తల బరబరా తుడిచింది. ఆ తుడవడంలో కూడా కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"ఆ మంచం మీద పడుకో."

"మొక్కలు పడిపోతాయేమో..."

"పడుకోమన్నానా? నేను చూస్తుంటాను."

చిన్నకోడలు గోడవైపు తిరిగి ముడుచుకుంది. కాసేపు భుజాలు కదిలాయి, తర్వాత కదలడం మానేశాయి. పెద్దకోడలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. బయట గాలి మొక్కల జుట్టు పట్టుకుని గుంజుతోంది. నాలుగో వరుస చివర ఒక మొక్క మళ్ళీ ఒరిగింది. పార అందుకుని లేచింది. తలుపు తీస్తే ఆ చప్పుడుకి మంచం మీది మనిషికి మెలకువ వస్తుందని, మళ్ళీ కూర్చుంది.