ఏడు కిటికీల పాట

"మీ ఆవిడ మీద నిఘా వెయ్యాలి," అన్నాడు చీఫ్.

చాకు తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టేశాడు. అతని అసలు పేరు ఏదో ఫైల్లో ఉంది గానీ డిపార్ట్‌మెంట్‌లో అందరూ చాకు అనే పిలుస్తారు. పన్నెండేళ్ళ సర్వీసు, మూడు తుపాకీ గాయాలు, ఒక మెడల్. కణత మీద రివాల్వర్ పెట్టినా రెప్ప వెయ్యడు. కానీ భార్య పక్కింటాయనకి టైమెంతో చెప్పిందంటే మాత్రం ఆ వారమంతా అతనికి అన్నం సయించదు.

"మా ఆవిడ రేడియోలో పాటలు వేసుకునే మనిషి సార్!"

"అందుకే." చీఫ్ స్విచ్ నొక్కాడు. గది చీకటైంది. గోడ మీద ఒక స్లైడ్ వెలిగింది. ఏదో హోటల్. కిటికీ పక్కన టేబుల్. బూడిదరంగు సూటువాడు ఒక ఎర్రగులాబీ అందిస్తున్నాడు. అందుకుంటున్నది చాకు భార్య. అందుకుంటే అందుకుంది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

ఆ నవ్వు చాకు చివరిసారి ఎప్పుడు చూశాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

"కోడ్ నేమ్ గులాబీ," అన్నాడు చీఫ్. "పైకి గోడగడియారాల వ్యాపారి. లోపల విదేశీ ముఠాకి ఇక్కడ ఏజెంటు. మీ ఆవిడ ప్రోగ్రామ్ వింటావా?"

వింటాడా! మధ్యాహ్నం ఒంటిగంటకి 'అంకెల పాటలు'. పేరులో అంకె ఉన్న పాటలు మాత్రమే వేస్తారు. ఊళ్ళో సగం మంది పని మానుకుని వింటారు. చాకు మాత్రం నోట్‌బుక్ పెట్టుకుని వింటాడు. 'మీ గొంతుకు దాసుడు' అని సంతకం పెట్టి ఒక శ్రోత పదేపదే పాటలు కోరుతున్నాడు. ఆ దాసుడు కోరిన ప్రతి పాటా తేదీతో సహా చాకు రాసిపెట్టాడు. డ్యూటీ కాదు, దుగ్ధ.

"ఆ దాసుడే గులాబీ," అన్నాడు చీఫ్. "ఇన్నాళ్ళూ రిహార్సల్స్. ఇవాళ అసలు ఆట. వాడు రెండు పాటలు కోరతాడు. మొదటి పాటలో అంకె గంట, రెండో పాటలో అంకె రైల్వే ప్లాట్‌ఫారం. బాంబు పట్టుకున్నవాడు ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని స్టేషన్లో ఎక్కడో కూర్చుని ఉంటాడు. వాడెవడో మనకి తెలీదు. గులాబీకి కూడా తెలీదు. వాళ్ళిద్దరికీ మధ్య రేడియో తప్ప ఇంకేం లేదు. అనౌన్సర్ నోటిమాట లెక్కలోకి రాదు. పాట పల్లవి వినబడితేనే సిగ్నల్."

"మరి మా ఆవిడ? ఆవిడకి తెలుసా?"

చీఫ్ స్లైడ్ ఆర్పి లైటు వేశాడు. "అది నీకిప్పుడు అనవసరం. రికార్డు లైబ్రరీ గుమాస్తాగా లోపలికి వెళ్ళు. ఆవిడ గొంతు వణికితే నీకే ముందు తెలుస్తుంది, వెంటనే నాకు చెప్పు. చూడు, విను. దేన్నీ ముట్టుకోకు."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. అలాంటి భూతం పట్టినవాణ్ణి పంపుతూ ముట్టుకోకు అని చెప్పడం చీఫ్ తన సర్వీసులో చేసిన మహా పొరపాటు.

పన్నెండున్నరకి రేడియో స్టేషన్ వెనక గుమ్మంలో ఒక గుబురుమీసాల గుమాస్తా నిలబడ్డాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, ఎడమ చెవిలో వినికిడి యంత్రం. దాని వైరు చొక్కాలోకి పోయి, అక్కణ్ణించి కంటికి కనిపించని దారిలో చీఫ్ గొంతుని మోసుకొస్తుంది. జేబులో ఫౌంటెన్ పెన్ను అటునించి ఇటు మాటలు పంపుతుంది.

"సూది కొత్తదేనా?" అన్నాడు స్టేషన్ ఇంజనీరు.

"సూది కొత్తదే. రికార్డే పాతది," అన్నాడు చాకు.

ఇంజనీరు పక్కకి జరిగి దారిచ్చాడు.

లైబ్రరీ అంటే సొరుగంత ఇరుకు గది. గోడలకి నేల నించి పైకప్పు దాకా లక్క రికార్డులు. గోడలో ఒక చిన్న కిటికీ, దాని అవతల స్టూడియో. వరసగా రికార్డులు అందించడమే గుమాస్తా పని. అనౌన్సర్లు కవరు మీద నంబరు చూసి వేస్తారే గానీ, లోపల లేబుల్ చదివే తీరిక వాళ్ళకి ఉండదు. గుమాస్తా మీద వాళ్ళకి అంత నమ్మకం.

ఒంటిగంటకి ఎర్రలైటు వెలిగింది. అద్దం అవతల చాకు భార్య కుర్చీ ముందుకి లాక్కుంది. సన్న జరీ అంచు నీలం చీర. ఇంట్లో పెళ్ళిళ్ళకి కట్టే చీర! వెనకవైపు విజిటర్స్ గదిలో, ఇంకో అద్దం వెనక, కాలు మీద కాలేసుకుని గులాబీ. వాడి కోటు బొత్తం రంధ్రంలో తాజా పువ్వు.

మొదట దాసుడు కోరిన 'రెండు గాజులు' తిరిగింది. రెండు గంటలకన్నమాట. చాకు పెన్నులో గొణిగాడు. చెవిలో చీఫ్ "ఊఁ" అన్నాడు.

తరవాత మామూలు శ్రోతల పాటలు మరో రెండు వెళ్ళాయి. అవి తిరుగుతుండగానే చాకు తరవాతి రికార్డు అందుకున్నాడు. 'ఏడు కిటికీల మేడలో'. తెలుసు. దాసుడుగారికి ప్రాణం ఈ పాట. ఇప్పటికి తొమ్మిదిసార్లు కోరాడు.

కిటికీ అవతల ఆవిడ ఉత్తరం చదవడం మొదలుపెట్టింది. "'నా గుండె కిటికీ తెరిచిన గొంతుకి, ఈ పాట కానుక. ఇట్లు, మీ గొంతుకు దాసుడు.'"

చదివింది సరే. నవ్వుతూ చదివింది. నవ్వుతూ చదివితే గొంతు కాస్త తేలుతుంది. రేడియో వినేవాళ్ళకి అది తెలియకపోవచ్చు, కట్టుకున్నవాడికి తెలుస్తుంది. పైగా చదివాక వెనక్కి తిరిగి, అద్దంలోంచి ఆ బూడిదరంగు సూటుకి తల కూడా ఊపింది.

చాకు కళ్ళు బైర్లు కమ్మాయి. శత్రువు సిగ్నల్ చెడగొట్టడం దేశసేవే కదా అని మనసుకి ఒక మాట చెప్పుకున్నాడు. మనసు దాన్ని నమ్మలేదు. రికార్డు మోకాలికి ఆనించి ఫట్‌మని రెండు ముక్కలు చేశాడు. ముక్కలు కోటు లోపలికి దోపాడు. చేతికందిన 'ఐదు నిమిషాలు ఆగు'ని ఆ కవర్లోనే పెట్టి అందించాడు.

ఆవిడ కవరు చూసింది, రికార్డు వేసింది, హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

పల్లవి మొదలైందో లేదో చెవిలో చీఫ్ గావుకేక పెట్టాడు.

"ఐదేంటి? ఏడు రావాలి! ఎవడు మార్చాడు?"

"నేనే సార్. సిగ్నల్ చెడగొట్టాను."

"ఓరి నీ అసాధ్యం కూలా! ఏడో ప్లాట్‌ఫారం ఖాళీరా. అక్కడ కూలీల వేషాల్లో మనవాళ్ళే నలభైమంది కాచుక్కూచున్నారు. జనమంతా ఏడు మీదే ఉంటారని గులాబీ చెవిన వేయించింది మనమే. ఐదో ప్లాట్‌ఫారం మీద రెండు వేలమంది జనం! పిల్లాపాపలు!"

చాకు కోటులోని ముక్కల్ని తడుముకున్నాడు. "అయితే మా ఆవిడ..."

"ఎనిమిది నెలలుగా మన మనిషి. వాడికి తన మనిషిలా నటిస్తోంది. పది నిమిషాలైంది ఒంటిగంటై. పావుకి వార్తలు. ఈలోగా ఏడు వినబడకపోతే వాడు ఐదుకే వెళ్తాడు. వెళ్ళు!"

చాకు తలుపు తోసుకుని స్టూడియోలోకి పడ్డాడు. అదే క్షణంలో అవతలి తలుపులోంచి గులాబీ కూడా దూసుకొచ్చాడు, ముఖం కందగడ్డ చేసుకుని.

"నేను కోరిన పాట ఇది కాదు, మేడమ్!" వాడి భాష పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

ఆవిడ హెడ్‌ఫోన్ చెవికి ఆనించుకుంది. ముఖం తెల్లబోయింది. మైకు ఇంకా మూసే ఉంది. "గుమాస్తాగారూ, ఏడు కిటికీలు ఏదీ?"

చాకు కోట్లోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ముక్కల వంక చూసింది. మీసాల వంక చూసింది. ఆ చూపులో ఉన్నదంతా చాకుకి తగలవలసిన చోటే తగిలింది.

"ఇంకో కాపీ?"

"లేదు. ఒక్కటే."

గోడగడియారంలో ముల్లు పన్నెండు నిమిషాలు దాటింది. పక్క మైకు దగ్గర వార్తలు చదివే పెద్దాయన వచ్చి కూచుని కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఎవరైనా పాడాలి," అంది ఆవిడ. గులాబీ వైపు తిరిగింది. "సార్, మీకెంతో ఇష్టమైన పాట కదా. మీకు వచ్చా?"

గులాబీ నోరు తెరిచాడు. "ఏడు కిటికీలు... ఆ తరవాత..." తెరిచిన నోరు మూశాడు. "నాకు రాదు. జాబితాలో చూసి కోరాను." ఆ మాట అన్నాక ఎందుకన్నానా అన్నట్టు కోటు సవరించుకున్నాడు.

"నాకూ రాదు," అంది ఆవిడ. "పాట తిరుగుతున్నంతసేపూ హెడ్‌ఫోన్ తీసేసి తరవాతి ఉత్తరం చదువుకుంటాను. ఆ పాట నేను ఒక్కసారీ వినలేదు."

రెండు వేలమంది ప్రాణాలు గాల్లో దీపంలా ఉన్నాయి. ఐనా చాకు గుండె ఒక్కసారి గంతేసింది. ఒక్కసారీ వినలేదా! తొమ్మిదిసార్లు కోరితే ఒక్కసారీ వినలేదా! పంపినవాడికి పల్లవి రాదు, అందుకున్నదానికి చెవి లేదు. ఇంట్లో ఒంటరిగా కూచుని, పళ్ళు నూరుకుంటూ, తొమ్మిదిసార్లూ పొల్లుపోకుండా విన్నవాడు ఈ ప్రపంచంలో ఒక్కడే.

"నాకొచ్చు," అన్నాడు చాకు.

ఆవిడ 'ఐదు నిమిషాలు ఆగు'ని మధ్యలోనే ఆపి మైకు తెరిచింది. గొంతు మాత్రం వణకలేదు. "శ్రోతలు మన్నించాలి. పొరపాటున వేరే పాట వినిపించాం. శ్రోత కోరిన పాట రికార్డు విరిగినందువల్ల, మా లైబ్రరీ గుమాస్తాగారు పాడి వినిపిస్తారు."

చాకు మైకు ముందు నిలబడ్డాడు. బాత్‌రూమ్‌లో కూడా పాడి ఎరగడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఏడు కిటికీల మేడలో... ఏ కిటికీ నీదో చెప్పవా... ఆరూ మూసే ఉన్నవి... ఏడోది నాకై తెరవవా..."

శ్రుతి ఒక దారి, తాళం ఒక దారి. నూనె లేని గేటు కూడా ఇంతకన్నా నయం. వార్తల పెద్దాయన కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంజనీరు అద్దం అవతల తల పట్టుకున్నాడు. చాకు ఆగలేదు. రెండోసారి పల్లవి అందుకునేసరికి తను ఎవరికి పాడుతున్నాడో అతనికే తెలిసింది. కళ్ళు తెరిచి ఆవిడ వైపే చూస్తూ పాడాడు. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉంది. 'తెరవవా' అన్నాడు, బీప్ మంటూ టైమ్ సిగ్నల్ పడింది, వార్తలు మొదలయ్యాయి.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. గులాబీ రుమాలుతో నుదురు తుడుచుకుని, "మీరు చాలా బాగుగా పాడితిరి," అని గుమాస్తా భుజం తట్టాడు. చాకు పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఒక నిమిషం. మూడు. ఏడు.

చెవిలో చీఫ్ గొంతు. "ఏడు మీదికి ఒకడొచ్చాడు. ఒక చేతిలో ట్రాన్సిస్టర్, ఇంకో చేతిలో సూట్‌కేసు. బెంచీ కింద పెట్టి వెళ్ళబోయాడు. దొరికాడు. సూట్‌కేసు మనవాళ్ళ చేతిలో ఉంది. ఇక నీ పని కానీ."

చాకు జేబులోంచి బేడీలు తీసి గులాబీకి తగిలించాడు. అంత తృప్తిగా అతను ఎవరికీ బేడీలు వెయ్యలేదు. పనిలో పనిగా వాడి బొత్తంలో పువ్వు కూడా సాక్ష్యం కింద లాక్కున్నాడు. ఇంజనీరు వచ్చి వాణ్ణి కిందికి నడిపించుకుపోయాడు.

"మీసం ఎడమపక్క ఊడింది," అంది ఆవిడ.

"ఎప్పుడు గుర్తుపట్టావ్?"

"మీరు గదిలోకి రాగానే. రికార్డులు చూడాల్సిన గుమాస్తా నా చీర వంక ఉరిమి చూస్తుంటే గుర్తుపట్టనా?" గొంతు తగ్గించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రెండు వేలమందండీ. మీ కుళ్ళుకి రెండు వేలమంది."

చాకు తలవంచుకున్నాడు. "సిగ్గుగా ఉంది. నువ్వు వాడితో నవ్వావే, ఆ నవ్వు నాతో నవ్వి ఎన్నాళ్ళైందో లెక్క తేలలేదు. దాంతో బుర్ర పనిచెయ్యలేదు."

"అది డ్యూటీ నవ్వు. వాడి గులాబీకి తుమ్ములొచ్చేవి నాకు. ఇంట్లో మీకు చెప్పకూడదని చీఫ్‌గారి ఆర్డరు. మీరు రోజూ యక్షప్రశ్నలు వేస్తుంటే ఎనిమిది నెలలు కడుపులో పెట్టుకున్నాను. ఇంక నవ్వెక్కణ్ణించి వస్తుంది?"

చాకు మీసం పూర్తిగా పీకి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు.

వారం తరవాత ఆవిడ ఆఫీసు నించి ఒక సంచీ మోసుకొచ్చి టేబుల్ మీద బోర్లించింది. అన్నీ ఉత్తరాలే. గుమాస్తాగారి పాట మళ్ళీ వినిపించమని కోరుతూ యాభై మూడు. ప్రతి కవరూ నీటుగా చింపి ఉంది. రెండు కట్టలు కట్టి ఉన్నాయి, ఒకటి పల్చగా, ఒకటి లావుగా.

"లావుది ఏమిటి?" అన్నాడు చాకు, కాస్త మురిసిపోతూ.

"ఆడవాళ్ళు రాసినవి," అంది ఆవిడ, అతని వంక చూడకుండా. "అందులో ఆరుగురు ఫోటోలు కూడా పెట్టారు. ఆ గుమాస్తా ఉద్యోగం మానేసి పెళ్ళాంతో సహా సముద్రం దాటి వెళ్ళిపోయాడని రేపు మైకులో చెప్పేస్తున్నాను."