ఖాళీ పొట్లం చూపిన దారి

పిల్లలూ, గంధవరం రాజ్యంలో ఒక చలికాలం వింత పొగమంచు దిగింది. దాన్ని పీల్చినవాళ్లకు నొప్పీ లేదు, సంతోషమూ లేదు. కాకి రాజుగారి తలపాగా ఎత్తుకుపోతే ఆయన “అలాగా” అని ఊరుకున్నారు. పక్క రాజు దండెత్తి వస్తున్నాడని వేగులవాళ్లు చెప్పినా అదే “అలాగా”. రాజ్యానికి అంతకంటే ఆపద ఏం కావాలి?

ఆ ఊళ్లో వేయించిన శనగలు అమ్మే సన్నాసమ్మకు పైడి అని ఒక్కతే కూతురు. కూతురు ఆలస్యంగా వస్తే సన్నాసమ్మ వీధి చివరిదాకా వినపడేలా తిట్టేది, తిడుతూనే అన్నం పెట్టేది. ఇప్పుడు ఆమె టేకాకులు చుట్టి, చీపురుపుల్ల గుచ్చి, శనగలు పోయడం మరిచి ఖాళీ పొట్లాలే అమ్ముతోంది. కొనేవాళ్లూ అవే పట్టుకుపోతున్నారు.

పిల్లలకు ఆ మొద్దుతనం ఆలస్యంగా ఎక్కింది. పైడికి వేళ్లు మొద్దుబారాయి, నాలుకకు రుచి పోయింది. గుండెలో మాత్రం కాస్త దిగులు మిగిలింది. అదీ పోకముందే మంచు పుట్టిన మొనకొండకు బయలుదేరింది. వెళ్తున్నానని చెబితే, తల్లి ఆమె ముఖమైనా చూడకుండా ఒక పొట్లం చేతిలో పెట్టింది. అదీ ఖాళీదే.

అడవిలో పులి ఎదురైంది. పైడి భయపడలేదు, పరుగెత్తలేదు. పరుగెత్తని పిల్లను ఏం చేయాలో తోచక పులే పక్కకు తప్పుకుంది. ఏరు దాటుతుంటే రాయి కోసుకుని పాదం నుంచి రక్తం కారింది. అదీ ఆమెకు తెలియలేదు.

మొనకొండ అన్ని వైపులా నున్నగా, పైకి పోనుపోను సన్నబడి ఉంది. దాని మొదట్లో రాతి గుంజ దగ్గర ఒక భూతం కూర్చుని ఉంది.

“ఏం కావాలి పిల్లా? మణులా, మాణిక్యాలా?”

“మాయమ్మ నన్ను మునపటినాగ తిట్టాల, తాతా” అంది పైడి.

భూతం తెల్లబోయింది. “మీవాళ్ల నవ్వులూ ఏడుపులూ కొండకు సరిగ్గా అవతల కుండలో ఉన్నాయి. ఈ గుంజకు కట్టిన దారం చూశావా? దీని కొస అవతల కుండ పక్కనున్న గుంజను తాకితే కుండ పగులుతుంది. దారం కొండను అంటుకునే ఉండాలి. అడుగున చుట్టి వెళ్లిన వీరులకూ చాలలేదు, శిఖరం మీదుగా ఎక్కి దిగినవాళ్లకూ చాలలేదు. అందరూ అవతల రాళ్లై పడి ఉన్నారు” అని నవ్వింది.

పైడి కూలబడింది. రాయినైపోయినా ఫరవాలేదనిపించింది. అలా అనిపించినందుకు మిగిలిన ఆ కాస్త గుండె ఝల్లుమంది. అలవాటుగా చెయ్యి పొట్లంలోకి పోయింది. ఏమీ లేదు. దాన్ని నేలమీద బోర్లించింది. అచ్చం మొనకొండే!

ముల్లుతో పొట్లం అంచున ఒకచోట, సరిగ్గా దానికి ఎదురుగా ఇంకోచోట గుర్తు పెట్టింది. చీపురుపుల్ల లాగి ఆకును పరిచింది. అంచు వెంట పోతే దారి విల్లులా వంగింది. మొన మీదుగా పోతే మూల తిరిగింది. రెండు గుర్తులనూ తిన్నగా కలిపి గీస్తే టేకాకు మీద రసం ఊరి ఎర్రటి చార పడింది. ఆకును మళ్లీ చుట్టింది. చార ఏటవాలుగా కొంత ఎక్కి, శిఖరం చేరకుండానే అవతలికి దిగుతోంది.

“ఇదే దగ్గిర దారి” అంది పైడి.

వేళ్లకు దారం తెలియదు కాబట్టి కొసను పళ్లతో కరిచి పట్టుకుంది. చార చూసుకుంటూ ఎక్కింది, సగం దారిలో దిగడం మొదలుపెట్టింది. ఇంకా జానెడు దూరం ఉందనగా దారం బిగుసుకుంది. పాదాలు రాయిగా మారుతున్నాయి. పైడి తల విదిలించి దారాన్ని గట్టిగా ఒక్క ఊపు ఊపింది. నున్నటి కొండ మీద అది జర్రున జారి, తన తిన్నని చోటు తానే వెతుక్కుంది. కొస గుంజను తాకింది.

కుండ భళ్లున పగిలింది. పైడికి అన్నిటికంటే ముందు నొప్పి వచ్చింది. కోసుకున్న పాదం భగ్గుమంటే కెవ్వుమని అరిచి ఏడ్చింది. ఏడవగలిగినందుకు నవ్వింది. రాళ్లైన వీరులు లేచి ఆమెను భుజాల మీద ఇంటికి తెచ్చారు. ఆసరికే రాజుగారు కత్తి దూసి శత్రువును పొలిమేర దాటించారు.

గుమ్మంలో సన్నాసమ్మ నిలబడి ఉంది. “ఎక్కడ తిరిగి సచ్చినావే! ఆ కాలు సూడు, ఎలా కోసుకుందో! ఒక్క మాట సెప్పి ఎల్లక్కర్లేదేటి?” చెప్పే వెళ్లింది, పాపం! తిడుతూనే తల్లి కళ్లు తుడుచుకుంది, కంచంలో అన్నం పెట్టింది.

పిల్లల్లేని రాజుగారి మాటగా, రాజ్యాన్ని కాపాడినందుకు వారసురాలివి నువ్వేనని చెప్పడానికి భటులు పల్లకీతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

“ఉండండి బాబూ” అంది పైడి, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “మాయమ్మ తిట్టడం అవనీండి.”