చిత్తడినేల ఇంట్లో పాస్‌వర్డ్ దొంగ

ఆ ఇంటికి మంచి పేరు లేదు. ఉత్తరాది మంచుదేశంలోని మా సవో ప్రాంతంలో, చిత్తడినేల దాటాక దేవదారు చెట్ల వెనక ఉంటుంది. అందులో ఎవరూ ఉండరంటారు... కానీ పొగగొట్టంలోంచి పొగ వస్తుంది. దీపం మాత్రం వెలగదు. చీకటి పడ్డాక చెట్ల మధ్య ఏవో వెలుగులు తిరుగుతాయట — ఒక్కోసారి అరుపులు కూడా.

నేను దెయ్యాల్ని నమ్మను. కంప్యూటర్ తెలిసినవాణ్ణి కదా, నాకన్నీ తెలుసు. మంచు పగలగొట్టి సరస్సులో మునిగేవాళ్ల సంఘం ఒకటుంది మా ఊళ్లో. దాని వెబ్‌సైట్ చూసుకునేది నేనే. ఎవరు ఏ రోజు సౌనా — అదే, ఆవిరిస్నానాల గది — వేడి చేసుకోవాలో అందులోనే రాసుకుంటారు.

కొన్నాళ్లుగా ఎవడో నా పేరుతో అందులోకి దూరాలని చూస్తున్నాడు. పాస్‌వర్డ్ తప్పు... మళ్లీ తప్పు... వాడికి నిద్రా లేదు, సిగ్గూ లేదు.

"ఆదివారం మీటింగ్‌లోపు దొంగెవడో తేల్చు టోయివో. లేకపోతే వెబ్‌సైట్ ఇంకొకళ్లకి అప్పగిద్దాం," అంది సంఘం అధ్యక్షురాలు సిర్కా.

ఒళ్లు మండింది. ఊళ్లో నాకున్న గొప్ప అదొక్కటే. అదీ పోతే నన్నెవరు పలకరిస్తారు?

దొంగ ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి వస్తున్నాడో చూసి, అది ఎక్కడిదో వెతికాను. మ్యాప్ మీద ఎర్రగుర్తు పడింది — సరిగ్గా ఆ ఇంటి మీద!

టార్చి పట్టుకుని బయల్దేరాను. సాయంత్రం నాలుగు కూడా కాలేదు. మా వైపు డిసెంబరు కదా, అప్పటికే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. బూట్ల కింద మంచు కరకరమంటోంది.

నేను ఆగాను. కరకర ఆగలేదు...

చెట్ల మధ్య ఒక వెలుగు. నావైపే వస్తోంది.  టార్చి చేతిలోంచి జారి మంచులో పడింది. దెయ్యాల్ని నమ్మనివాడు ఎంత వణకొచ్చో అంతా వణికాను.

"నువ్వూ... దొంగ కోసమేనా?" గుసగుసగా అడిగింది ఆ వెలుగు.

ఆవిడ పేరు హిల్కా. పక్కూళ్లో ఉంటుంది. మేకపాల చీజ్ చేసి తన వెబ్‌సైట్లో అమ్ముతుంది. అందులోకీ ఎవడో దూరాలని చూశాడట.

"పోయినవారం నేనూ ఇలాగే వచ్చి ఆ ఇంటి తలుపు బాదాను. నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత తెలిసింది... ఫోన్ ఇంటర్నెట్ ఎక్కణ్ణుంచి వస్తోందో ఆ మ్యాప్‌కి తెలీదయ్యా. తెలీనప్పుడు జిల్లా నడిమధ్యన గుర్తు పెట్టేస్తుంది. ఆ నడిమధ్యన ఈ ఇల్లుంది. క్షమాపణ చెబుదామని రొట్టె తెచ్చాను."

ఇద్దరం ఆ ఇంటిదాకా నడిచాం. హిల్కా తలుపు తట్టింది. చాలాసేపటికి గడియ కదిలింది. సందులోంచి ఒక ముసలి కన్ను...

"మీరు మనుషులేనా?"

ఆయన పేరు ఒస్మో. ఒంటరిగా ఉంటాడు.

"నన్ను దెయ్యాలు పట్టుకున్నాయి తల్లీ. చీకటి పడితే వస్తాయి. బయటికి రా దొంగా అని అరుస్తాయి. నా ఇంట్లో కంప్యూటరే లేదు. వాటి భయానికే దీపం వెలిగించడం మానేశాను."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడే జేబులో ఫోన్ కుయ్యిమంది. ఎవడైనా తప్పు పాస్‌వర్డ్ కొట్టినప్పుడల్లా అలా మోగేలా పెట్టుకున్నాను.

"చూశారా! వాడే! ఇప్పుడే మళ్లీ ప్రయత్నించాడు!"

హిల్కా నావైపు అదోలా చూసింది. "ఈమధ్య పాస్‌వర్డ్ మార్చావా?"

"మార్చాను. భద్రత కోసం."

"ఆ సంగతి ఈ ఫోన్‌కి చెప్పావా?"

చెప్పలేదు... పాపం, అది ఇన్నాళ్లూ దానంతటదే పాత పాస్‌వర్డ్‌తో మా వెబ్‌సైట్ తలుపు కొడుతోంది. నా కళ్ల ముందు ఆదివారం మీటింగ్, సిర్కా మొహం కదిలాయి.

"ఇంతకీ దొంగ దొరికాడా తల్లీ?" అన్నాడు ఒస్మో, ఇంకా గుసగుసగానే.

హిల్కా తన టార్చి ఎత్తి నా మొహమ్మీద వేసింది.